పాత ఫ్లాట్‌లో పెద్దావిడ బాత్రూమ్: బీమ్, షాఫ్ట్, తొమ్మిది అంగుళాల లోతు

హైదరాబాద్‌లో పాత అపార్ట్‌మెంట్ల బాత్రూమ్‌లు విప్పి కొత్తగా కట్టడం నా పని. మా దగ్గరికి చాలామంది టైల్స్ కేటలాగ్ పట్టుకుని వస్తారు. ఈ కేస్‌లో వాళ్లు కమోడ్ కూడా కొనేసి వచ్చారు. దీన్ని వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇక్కడ దాదాపు ప్రతి నిర్ణయమూ నేల కింద, గోడ వెనకాల ఉన్న పైపుల్ని బట్టే తీసుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి కొనుగోళ్లకి ముందే తెలిసి ఉంటే ఆ ఇంటి వాళ్లకి డబ్బూ మిగిలేది, టెన్షనూ తప్పేది. ఇల్లు, ఏరియా, మనుషులు ఎవరో తెలిసే వివరాలేవీ ఇందులో లేవు. కొలతలు మాత్రం అక్కడ ఉన్నవే.

నేపథ్యం

1990లలో కట్టిన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. ఫ్లాట్ రెండో అంతస్తులో. బెడ్‌రూమ్‌కి ఆనుకున్న బాత్రూమ్ 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. తలుపు చిన్న గోడలో, లోపలికి తెరుచుకుంటుంది. పొడవు గోడల్లో ఒకటి షాఫ్ట్ గోడ. దాని వెనకే అన్ని అంతస్తుల పైపులూ నిలువుగా దిగుతాయి. లోపలి మూల, ఏడంగుళాల దిమ్మె మీద ఇండియన్ సీట్. వాష్ బేసిన్ షాఫ్ట్‌కి ఎదురు గోడకి.

ఆ బాత్రూమ్ వాడేది ఇంటాయన తల్లి. డెబ్బై దాటిన మనిషి, మోకాలి ఆపరేషన్ అయింది, వాకర్‌తో నడుస్తారు. కింద కూర్చోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. కాబట్టి వెస్టర్న్ కమోడ్ కావాలి, నేలంతా ఒకే మట్టంలో ఉండాలి, వాకర్ తిరిగేంత చోటు ఉండాలి. ఈ మూడూ అవసరాలు. మిగతావన్నీ ఇష్టాలు: వర్షంలా పడే పెద్ద షవర్, అద్దం తలుపు, కమోడ్‌ని ఎదురు గోడకి మార్చడం. ఈ తేడాని మొదటి రోజే కాగితం మీద రాసి ఇంటాయనతో ఒప్పించుకున్నాను. తర్వాత ఏదో ఒకటి వదులుకోవాల్సి వచ్చినప్పుడు ఏది వదలాలో వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఉన్న సమస్యలు

కింది ఫ్లాట్ బాత్రూమ్ సీలింగ్ చెమ్మెక్కి, ఉప్పు పొంగి, పెచ్చులు ఊడుతోంది. ఆ ఇంటావిడ "పెయింట్ వేయించడం మానేశామండీ, వేసిన ప్రతిసారీ రాలిపోతోంది" అన్నారు. రెండు ఇళ్ల మధ్య మాటలు అప్పటికే తగ్గిపోయాయి. పై ఇంటి వాళ్లు ఊరుకోలేదు, చేయగలిగినవి చేశారు. టైల్స్ సందుల్లో తెల్ల సిమెంట్ పెట్టించారు. తర్వాత దాన్ని గీకించి ఎపాక్సీ వేయించారు. ఆపైన ఎవరో చెబితే టైల్స్ మీదే ఒక కెమికల్ పూయించారు. ఏదీ నిలవలేదు.

రెండోది, వేడినీళ్లు సన్నటి ధారగా వస్తున్నాయి. ప్రెషర్ పంప్ పెట్టుకుంటే సరిపోతుందని షాపులో చెప్పారట. మూడోది, రాత్రిళ్లు నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ కింది డ్రెయిన్) నుంచి వాసన. పై అంతస్తుల్లో ఎవరైనా ఫ్లష్ కొడితే ఇక్కడ గుడగుడ చప్పుడు.

విప్పే ముందు పరీక్షలు

లీకేజీ సరఫరా పైపుదా, డ్రెయిన్‌దా అన్నది ముందు తేల్చాలి. మామూలుగా ఒక చిట్కా చెబుతారు. బాత్రూమ్ రెండు రోజులు వాడకుండా ఉంచండి, కింద కారడం ఆగితే డ్రెయిన్‌దే తప్పు అని. ఈ ఇంట్లో ఆ పరీక్ష అప్పటికే చేశారు. కారడం కాస్త తగ్గింది కానీ ఆగలేదు. దాంతో "సరఫరా పైపే పగిలింది, గోడలన్నీ కొట్టాలి" అని ఎవరో తేల్చేశారు.

ఆ తీర్పు నాకు సరిగ్గా అనిపించలేదు. ఈ తరహా పాత బిల్డింగుల్లో బాత్రూమ్ స్లాబ్‌ని కిందికి దించి సంకెన్ కడతారు. ఆ లోతుని ఇటుక ముక్కలతో, రబ్బిష్‌తో నింపి పైన టైల్స్ వేస్తారు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దిగిన నీళ్లతో ఆ లోతంతా మూతపెట్టిన తొట్టిలా నిండి ఉంటుంది. పైన వాడకం ఆపినా అది ఖాళీ అయ్యేదాకా కింద కారుతూనే ఉంటుంది. కాబట్టి ఆ రెండు రోజుల పరీక్ష ఇలాంటి చోట దేన్నీ రుజువు చేయదు.

అందుకని సరఫరా పైపుని విడిగా పరీక్షించాం. బాత్రూమ్ లైన్‌కి అన్ని చోట్లా మూతలు బిగించి, చేతి పంప్‌తో గేజ్ 3 కిలోల (చదరపు సెంటీమీటర్‌కి 3 కిలోల ఒత్తిడి) దాకా ఎక్కించాం. పాత జి.ఐ. (జింక్ పూత వేసిన ఇనుప) పైపు కాబట్టి అంతకు మించి పోలేదు. కొత్త లైన్‌కి పెట్టే ఒత్తిడి దీనికి పెడితే పరీక్షే పైపుని పగలగొడుతుంది. ముల్లు కదల్లేదు. సరఫరా బాగానే ఉంది. తర్వాత నహానీ ట్రాప్ చుట్టూ ఎర్ర ఫుడ్ కలర్ కలిపిన నీళ్లు నిలబెట్టాం. మర్నాటికి కింది సీలింగ్‌లో లేత గులాబీ మరక తేలింది. గోడలు కొట్టే పని తప్పింది.

ఇక వేడినీళ్ల సంగతి. టెర్రస్ ట్యాంక్‌లో నీటి మట్టం ఈ షవర్ కన్నా సుమారు 35 అడుగుల పైన ఉంది. 33 అడుగుల ఎత్తుకి దాదాపు 1 బార్ ఒత్తిడి వస్తుంది కాబట్టి ఇక్కడ ఒత్తిడికి లోటు లేదు. పై అంతస్తులో, ట్యాంక్‌కి పది అడుగుల కింద ఉన్న ఇల్లయితే వేరే మాట. అయినా ధార సన్నగా ఉందంటే దారి మూసుకుపోయిందని అర్థం. ఈ రెండింటికీ తేడా తెలియక జనం పంప్ కొంటారు. మూసుకుపోయిన, తుప్పుపట్టిన జి.ఐ.కి పంప్ పెడితే ముందు ధార కొంచెం పెరుగుతుంది, తర్వాత గోడలో ఏదో ఒక మరలో పైపు తెగుతుంది. పంప్ వద్దన్నాను.

గుడగుడ చప్పుడుకి జవాబు టెర్రస్ మీద దొరికింది. మల పైపు నిలువుగా టెర్రస్ దాకా వెళ్లి పైన తెరుచుకుని ఉండాలి. ఫ్లష్ నీళ్లు జారుతున్నప్పుడు వెనక గాలి ఆ మూతి నుంచే రావాలి. అక్కడ కౌల్ (పైపు మూతికి పెట్టే జాలీ టోపీ) విరిగిపోతే వర్షం నీళ్లు పడకుండా ఎవరో గోనెసంచి కుక్కి సిమెంట్ చేశారు. గాలికి దారి లేక పైపు ప్రతి ఇంటి ట్రాప్ నుంచీ గాలి లాగుతోంది. ట్రాప్‌లో వాసనని ఆపే 50 మిల్లీమీటర్ల నీటి మడుగు దాంతోపాటే పోతోంది. అసోసియేషన్ వాళ్లతో మాట్లాడి సిమెంట్ తీయించి కొత్త కౌల్ పెట్టించాం. ఈ మొత్తం పనిలో అతి తక్కువ ఖర్చయింది ఇదే, లాభం మాత్రం ఆ వరసలోని అన్ని ఫ్లాట్లకీ.

విప్పాక కనిపించినవి

ముందు మూలలో ఒక చదరపు అడుగు మాత్రమే తవ్వించాను. మొత్తం పగలగొట్టాక ప్లాన్ మార్చుకోవడం కన్నా ఒక గుంట తవ్వి ప్లాన్ వేసుకోవడం మేలు. ఇటుక ముక్కలు తీస్తుంటే బెత్తెడు లోతులోనే నల్లటి నీళ్లు ఊరాయి. అడుగున సంకెన్ స్లాబ్ తగిలింది. అక్కడి నుంచి బాత్రూమ్ టైల్ పైభాగం రావాల్సిన మట్టానికి 9 అంగుళాలు.

ఆ తొమ్మిది అంగుళాల్లోనే అన్ని పైపులూ పడుకోవాలి. బయటికి పోవడానికి దారి ఒక్కటే. షాఫ్ట్ గోడ కింద బీమ్ ఉంది. బిల్డింగ్ కట్టినప్పుడే అందులో మల పైపు కోసం ఒక స్లీవ్ (పైపు దూరే రంధ్రం), నహానీ నీళ్ల కోసం ఇంకో చిన్న స్లీవ్ వదిలారు. పెద్ద స్లీవ్ అడుగు సంకెన్ స్లాబ్‌కి 2 అంగుళాల పైన. బీమ్‌లో కొత్త రంధ్రం వేసే ప్రసక్తే లేదు. దాని అడుగు భాగంలో కడ్డీలు ఉంటాయి, అది బిల్డింగ్ బరువు మోసే బీమ్. ప్లంబర్ ఒకతను "చిన్న కోర్ కటింగే కదండీ" (మెషీన్‌తో గుండ్రంగా రంధ్రం కోయడం) అన్నాడు. ఎంత చిన్నదైనా స్ట్రక్చరల్ ఇంజనీర్ సంతకం లేకుండా నా సైట్‌లో బీమ్‌ని ముట్టుకోనివ్వను.

పైపులన్నీ పాత పోత ఇనుము సి.ఐ. పైపులు. సీట్ కింది ట్రాప్‌కీ పైపుకీ మధ్య అతుకు బీటలు వారి ఉంది. నహానీ ట్రాప్ చుట్టూ ఉన్నది ఉత్త సిమెంట్ ముద్ద. ఎక్కడా వాటర్‌ప్రూఫింగ్ పొర ఆనవాలు లేదు. ఎపాక్సీ ఎందుకు నిలవలేదో అప్పుడు ఇంటాయనకి కూడా అర్థమైంది.

పడని దారులు

వాళ్లు కొన్నది ఎస్-ట్రాప్ కమోడ్. దాని నీళ్లు నేలలోకి నిలువుగా దిగుతాయి. గోడ నుంచి ఆ రంధ్రం మధ్యకి 12 అంగుళాలు. దాన్ని షాఫ్ట్ నుంచి 5 అడుగుల దూరంలో ఎదురు గోడకి పెట్టాలని వాళ్ల కోరిక. లెక్క వేస్తే: 110 మిల్లీమీటర్ల పైపుకి 40కి 1 వాటం (40 అంగుళాల పొడవుకి 1 అంగుళం దిగేలా) ఇస్తే 5 అడుగులకి అంగుళంన్నర దిగాలి. స్లీవ్ అడుగు 2 అంగుళాలు, వాటం ఒకటిన్నర, కమోడ్ కింద బెండ్ పైకి తిరగడానికి ఇంకో ఆరున్నర. మొత్తం 10. ఉన్నది 9.

అంగుళం తేడాయే. సైట్‌లో ఇలాంటి అంగుళాన్ని సర్దేయడానికి అందరికీ రెండు దారులు తోస్తాయి. రెండూ ఇక్కడ ముందుకొచ్చాయి.

మొదటిది, బాత్రూమ్ నేలని నాలుగంగుళాలు పైకి లేపి మెట్టు పెట్టడం. పని చాలా తేలికవుతుంది, అందుకే చాలామంది కాంట్రాక్టర్లు ఇదే చేస్తారు. "నాలుగంగుళాలేగా, అమ్మ ఎక్కగలదు" అన్నారు ఇంటాయన. పెద్దావిడ పక్కనే ఉన్నారు. "పగలు ఎక్కుతాను నాయనా. రాత్రి నిద్రమత్తులో కాలు ఎక్కడ పడుతుందో ఎవరు చూడొచ్చారు?" అన్నారు. అక్కడితో ఆ దారి మూసేశాం. ఆవిడ కోసం చేస్తున్న బాత్రూమ్‌లో ఆవిడ పడిపోయే మెట్టు కట్టడం కుదరదు.

రెండోది, వాటం తగ్గించడం. 100కి 1 పెడితే అరంగుళం పైచిలుకుతో సరిపోతుంది, కాస్త సర్దితే తొమ్మిదిలో ఇరుకుగా పట్టేస్తుంది. నోటిమాటతో వద్దంటే ఎవరూ నమ్మరు, అందుకని సంకెన్‌లోనే పైపుల్ని అతికించకుండా పేర్చి, వాళ్లు కొన్న కమోడ్‌ని పైన నిలబెట్టి చూపించాం. తడిపిన టిష్యూ పేపర్ వేసి సగం ఫ్లష్ కొడితే, కాగితం పైపు మధ్యలో ఆగిపోయింది. పూర్తి ఫ్లష్‌కి కదిలింది కానీ స్లీవ్ దాటలేదు. ఈనాటి కమోడ్‌లు సగం ఫ్లష్‌కి 3 లీటర్లు, పూర్తి ఫ్లష్‌కి 6 లీటర్ల లోపే వదులుతాయి. పాతకాలపు పది లీటర్ల తోపుని మనసులో పెట్టుకుని వాటం తగ్గిస్తే నెలకోసారి బ్లాక్ అవుతుంది, అదీ టైల్స్ కింద.

దీనికి తోడు షవర్ నీళ్ల పైపు ఈ మల పైపుని దాటుకుని పోవాలి. 75 మిల్లీమీటర్ల పైపు 110 మిల్లీమీటర్ల పైపు మీదుగా దాటడానికి ఆ లోతు ఏమాత్రం చాలదు. నిజానికి అంగుళం లోటు కన్నా ఈ అడ్డం పెద్దది. అంగుళం ఎక్కడైనా దొరికినా ఇది మిగిలేది.

కింది ఫ్లాట్ సీలింగ్ కింద పైపు వేలాడదీయడం అనే మాట కూడా వచ్చింది. స్లాబ్‌కి రంధ్రం పడాలి, కింది వాళ్లు ఒప్పుకోవాలి, రేపు రిపేర్ వస్తే వాళ్ల బాత్రూమ్‌లో నిలబడి చేయాలి. ఇన్నేళ్లు చెమ్మ భరించిన వాళ్లని అది అడగడం న్యాయం కాదనిపించింది.

పనిచేసిన దారి

కమోడ్‌ని నేలలోకి కాకుండా గోడలోకి వదిలితే? పి-ట్రాప్ కమోడ్‌కి నీళ్లు వెనక్కి, నేలకి సుమారు 7 అంగుళాల ఎత్తులో బయటికి వస్తాయి. షాఫ్ట్ గోడకే కమోడ్‌ని ఆనిస్తే పైపు బీమ్‌కి పైన, ఇటుక గోడలోంచి నేరుగా షాఫ్ట్‌లోకి పోతుంది. అక్కడి నుంచి కిందికి దిగి పాత జంక్షన్‌లో కలుస్తుంది. మల పైపుకి సంకెన్‌తో పనే లేదు. వాటానికి ఇబ్బంది లేదు, షాఫ్ట్‌లో కావాల్సినంత ఎత్తు ఉంది. ఆ ఎత్తు ఉండటం వల్లే కమోడ్‌ని పాత చోటు నుంచి గోడ వెంబడి తలుపు వైపు అడుగున్నర జరపగలిగాం, ఆ అడుగున్నర వాటం బయటే సర్దుకుంది. లోపలి మూల మూడడుగుల చోటు షవర్‌కి మిగిలింది.

అంటే ఎదురు గోడ ఆలోచన వదులుకోవాలి, కొన్న కమోడ్ తిరిగి ఇచ్చేయాలి. ఇంటాయన ముఖం చిన్నబోయింది. వాకర్‌కి చోటు ఎలా అన్నది ఆయన అసలు దిగులు. దానికి కమోడ్‌ని ఎదురు గోడకి జరపక్కర్లేదు, మిగతావి జరిపాం. ఎదురు గోడకి ఉన్న బేసిన్‌ని చిన్నది చేసి షాఫ్ట్ గోడకే, తలుపు పక్కకి తెచ్చాం. దాని పైపూ బీమ్ పైనుంచే బయటికి పోయింది. తలుపు బయటికి తెరుచుకునేలా మార్చాం. ఎవరైనా లోపల పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపుని వాళ్ల ఒళ్లే అడ్డుకుంటుంది కాబట్టి పెద్దవాళ్ల బాత్రూమ్‌కి ఇది ఎలాగూ చేయాల్సిందే. కమోడ్ ముందు 32 అంగుళాలు ఖాళీ వచ్చింది. ఎదురు గోడ మొత్తం ఏ అడ్డూ లేకుండా దొరికింది.

గోడకి వేలాడే కమోడ్ పెట్టుకోవచ్చు కదా అని కోడలుగారు అడిగారు. మంచి ప్రశ్న, నేల కడగడం నిజంగానే సులువు. కానీ దాని ట్యాంక్ కోసం గోడ ముందు ఇంకో ఆరంగుళాల గోడ కట్టాలి, ఆ ఆరంగుళాలు వాకర్ చోటులోంచే పోతాయి. పైగా ఇక్కడ బోరు నీళ్లు కలుస్తాయి. ఆ ఉప్పు నీళ్లకి ఫ్లష్ వాల్వ్ రబ్బర్లు తరచూ పోతాయి, గోడలో దాగిన ట్యాంక్‌ని మామూలు ప్లంబర్ ముట్టుకోవడానికే భయపడతాడు. నేల మీద నిలబడే పి-ట్రాప్ కమోడ్, సీట్ 18 అంగుళాల ఎత్తుది తీసుకున్నాం. పెద్దావిడని షాపులో కూర్చోబెట్టి లేపి చూసి మరీ ఎంచుకున్నాం.

షాఫ్ట్‌లో కలిపే చోట ఒక ఇబ్బంది వచ్చింది. జంక్షన్ మొత్తం మార్చాలంటే పై అంతస్తుల వాడకం ఆపాలి. అందుకని మన వైపు కొమ్మని మాత్రం గ్రైండర్‌తో కోసి మొండెం మిగుల్చుకున్నాం. ప్లంబర్ అలవాటు ప్రకారం ఆ మొండెంలో పి.వి.సి. పైపు దూర్చి చుట్టూ తాడు, సిమెంట్ కుక్కాడు. ఆరాక బకెట్లతో నీళ్లు పోస్తే అతుకు చుట్టూ సన్నగా చెమ్మ. ఇనుమూ పి.వి.సి.యూ వేడికి ఒకేలా సాగవు. పై అంతస్తుల నీళ్లు పడ్డప్పుడల్లా నిలువు పైపు అదురుతుంది. మధ్యలో ఉన్న గట్టి సిమెంట్ ఆ కదలికని తట్టుకోదు. దాన్ని తీసేయించి, మొండెం మీద తుప్పు గీకి నున్నగా చేయించి, స్టెయిన్‌లెస్ క్లిప్పులున్న రబ్బర్ కప్లింగ్ బిగించాం. మళ్లీ బకెట్లు పోసి, వేలితో చుట్టూ తడిమి చూశాం. పొడిగా ఉంది. వాటం మొదలయ్యే చోట ఒక్క నిటారు బెండ్ బదులు 45 డిగ్రీల బెండ్లు రెండు వాడాం. మూత విప్పే డోర్ బెండ్‌ని వెంటిలేటర్‌లోంచి చెయ్యి అందే చోట పెట్టించాను. రేపు బ్లాక్ అయితే షాఫ్ట్‌లో తాళ్లు కట్టుకుని దిగే పని ఉండకూడదు.

ఒక మాట, మల పైపు కొనేటప్పుడు ఐ.ఎస్. 13592 (పి.వి.సి. డ్రెయిన్ పైపుల భారత ప్రమాణం)లో టైప్-బి అడిగి తీసుకోవాలి. టైప్-ఎ పలచగా ఉంటుంది, అది వర్షం నీళ్లకీ గాలి పైపుకీ ఉద్దేశించినది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పైపు మీద అచ్చు చదివితేనే తెలుస్తుంది.

సంకెన్‌ని ఏం చేశాం

ఈ మార్పుతో అనుకోని లాభం ఒకటి కలిసొచ్చింది. బీమ్‌లోని పెద్ద స్లీవ్ ఖాళీ అయింది. సంకెన్ అడుగున, ఆ స్లీవ్ వైపు వాటంగా కాంక్రీట్ వేశాం. గోడా నేలా కలిసే చోట మూలలు గుండ్రంగా మలిచి, రెండు భాగాలు కలిపే పాలిమర్ సిమెంట్ కోటింగ్ రెండుసార్లు, ఒకటి అడ్డంగా ఒకటి నిలువుగా వేశాం. ఖాళీ స్లీవ్‌లోంచి 25 మిల్లీమీటర్ల పైపు ఒకటి షాఫ్ట్‌లోకి వదిలి, చుట్టూ కుంచించుకుపోని గ్రౌట్‌తో మూసేశాం. రేపు ఎప్పుడైనా లోపల నీళ్లు దిగితే ఈ సన్న పైపులోంచి షాఫ్ట్‌లో పడతాయి, కింది వాళ్ల సీలింగ్‌లోకి పోవు. ఆ పైపు పొడిగా ఉన్నంత కాలం లోపల అంతా బాగున్నట్టు. ఇంటాయనకి వెంటిలేటర్‌లోంచి అది ఎక్కడ కనిపిస్తుందో చూపించాను.

48 గంటలు నీళ్లు నిలబెట్టి, మట్టాన్ని గోడ మీద పెన్సిల్‌తో గీసి చూశాం. కింది ఇంటావిడని కూడా పిలిచి ఆ గీత చూపించాం. ఆమె పైకి రావడం చాలా కాలం తర్వాత అదే మొదటిసారట. ఆ తర్వాత ఇటుక ముక్కలు మళ్లీ నింపలేదు. చిన్న ఇటుక స్తంభాలు కట్టి వాటి మీద కడప బండలు పరిచాం. బరువు తగ్గింది, నీళ్లు పీల్చుకుని పట్టుకునేది ఏదీ లోపల లేదు. షవర్ పైపు ఆ ఖాళీలో మంచి వాటంతో చిన్న స్లీవ్‌లోకి వెళ్లింది.

సరఫరా లైన్

వేడినీళ్ల జి.ఐ. మోచేతిని విప్పబోతే గోడ లోపలి మర పొడిపొడిగా రాలింది. బయటికి తీసిన ముక్కని కోసి చూస్తే, అరంగుళం పైపులో పెన్సిల్ దూరేంత దారే మిగిలింది. చుట్టూ గోధుమరంగు తుప్పు, దాని మీద తెల్లటి సున్నం, పొర మీద పొర. ఇలాంటి పైపుకి ఒక చోట కొత్త ముక్క అతికితే పక్క మర వదులుతుంది, దాన్ని సరిచేస్తే దాని పక్కది. అందుకని గోడలోని జి.ఐ.ని ముట్టుకోకుండా మూతలు వేసి అక్కడే వదిలేశాం. షాఫ్ట్‌లో మంచిగా ఉన్న చోటు నుంచి కొత్త సి.పి.వి.సి. (వేడినీళ్లని తట్టుకునే ప్లాస్టిక్) లైన్ లాగాం. జి.ఐ.కి కలిపే చోట ఇత్తడి మర ఉన్న ఫిట్టింగ్ వాడాం. ఇనుప మర మీద ప్లాస్టిక్ మర ఎక్కిస్తే బిగించేటప్పుడో, తర్వాత వేడికో చీలుతుంది.

దానికోసం టెర్రస్ మీద ఆ వరస గేట్ వాల్వ్ కట్టాలి. చక్రం తిరుగుతోంది, నీళ్లు మాత్రం ఆగడం లేదు, లోపలి పలక తెగిపోయింది. పాత బిల్డింగుల్లో ఇది మామూలే కాబట్టి పని మొదలుపెట్టే ముందే పరీక్షించుకున్నాం. అసోసియేషన్ వాళ్లు ఆ వరస ఇళ్లకి ముందే నోటీస్ పెట్టి ట్యాంక్ ఖాళీ చేయించారు, కొత్త బాల్ వాల్వ్ వేశాం. మన ఫ్లాట్‌కి విడిగా ఇంకో వాల్వ్ కూడా పెట్టించాను.

గోడలో గాడులు కొట్టే ముందు తేల్చాల్సింది హ్యాండ్‌రైల్స్. కమోడ్ పక్కన పైకి మడిచే రైల్, షవర్ దగ్గర ఇంకొకటి, రెండూ షాఫ్ట్ గోడకే వస్తాయి. పైపులూ ఆ గోడలోనే. టైల్స్ అయ్యాక ఎవరో డ్రిల్ పెట్టి పైపుని పొడిచేసిన ఇళ్లు నేను చూశాను. అందుకని పెద్దావిడ కూర్చున్నప్పుడు చెయ్యి ఎక్కడికి అందుతుందో గుర్తులు పెట్టుకుని, ఆ చోట్లు వదిలి పైపుల దారి గీశాం. ప్రతి పైపూ ట్యాప్‌కి సూటిగా నిలువుగా దిగాలి, ఏటవాలుగా ఒక్కటీ పోకూడదు. టేప్ ఆనించి కొలతలు కనిపించేలా ఫొటోలు తీసి ఇంటాయన ఫోన్‌లో పెట్టించాను. లైన్‌ని 10 కిలోల ఒత్తిడి దగ్గర పరీక్షించాకే గాడులు మూశాం.

టైల్స్ గురించి చెప్పేది తక్కువ: నేలకి గరుకువి, తలుపు దగ్గర గడప లేకుండా, షవర్ మూలకి వాటం. అద్దం తలుపు వద్దనుకున్నారు, కర్టెన్ సరిపోయింది. పెద్ద షవర్ పెట్టాం, కొత్త లైన్‌తో పంప్ లేకుండానే బాగా వస్తోంది. పెద్దావిడకి మాత్రం కుర్చీలో కూర్చుని చేత్తో పట్టుకునే షవరే ఇష్టం.

ఈ కేస్ తర్వాత నా పద్ధతిలో మారినవి

కమోడ్ కొనకముందు మూడు సంగతులు కొలిచి కాగితం మీద రాసిస్తున్నాను: బయటికి పోయే దారి ఏ ఎత్తులో ఉంది, సంకెన్ లోతు ఎంత, షాఫ్ట్ ఏ గోడకి. ఆ కాగితం లేకుండా షాపుకి వెళ్లొద్దని చెబుతున్నాను. గోడ నుంచి రంధ్రం మధ్యకి 4 అంగుళాలా, 9 అంగుళాలా, 12 అంగుళాలా అన్నది ఎస్-ట్రాప్‌కి ముఖ్యం. పి-ట్రాప్‌కి నేల నుంచి ఎత్తు ముఖ్యం. ఈ ఒక్క కొలత తప్పితే దాన్ని కప్పిపుచ్చడానికి వంకర కనెక్టర్లు అమ్ముతారు. అవి బ్లాక్ అయ్యే చోటుని మనమే కొని తెచ్చుకోవడం.

డ్రెయిన్ లీకేజీకి మొదట చేసే పరీక్ష ఇప్పుడు రంగునీళ్లే. "వాడకం ఆపి చూడండి" అన్న సలహాని సంకెన్ ఉన్న బాత్రూమ్‌లకి చెప్పడం మానేశాను.

కింది ఫ్లాట్ సీలింగ్‌కి వెంటనే పెయింట్ వేయొద్దని ఆ ఇంటావిడకి చెప్పాను. స్లాబ్‌లో పట్టిన చెమ్మ ఆరడానికి నెలలు పడుతుంది. ముందు వదులుగా ఉన్న పెచ్చులు రాల్చి, తుప్పు కనిపించిన కడ్డీలు శుభ్రం చేయించి, ఊరికే గాలికి వదిలేశాం. ఎండాకాలం దాటాక మరక అంచులు తెల్లబడ్డాయి, చేత్తో తాకితే పొడిగా ఉంది. అప్పుడు ప్లాస్టరింగ్ చేయించి పెయింట్ వేశారు, ఖర్చు రెండు ఇళ్ల వాళ్లూ పంచుకున్నారు. షాఫ్ట్‌లో ఆ సి.ఐ. నిలువు పైపు మాత్రం ఇంకా పాతదే. మొండెం కోసినప్పుడు ఒక పక్క మందం బాగా అరిగిపోయి కనిపించింది. ఆ ఫొటోని అసోసియేషన్‌కి ఇచ్చాను, వరస మొత్తం ఒకేసారి మార్చడానికి అంచనా అడిగారు.